బేగంపేటలో మళ్లీ బడికెళ్లిన డాక్టరు

బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర ఉన్న పాత భవనం మనలో చాలామంది చూసే ఉంటారు. ఆదివారం ఆరాధనకు అటుగా వెళ్లేవారు కూడా లోపల ఏం జరిగిందో పిల్లలకు చెప్పడం అరుదు.

రోనాల్డ్ రాస్ 1857లో మన దేశంలోనే, అల్మోరాలో పుట్టారు. తండ్రి సైన్యాధికారి. కుర్రవాడికి కవిత్వం, చిత్రలేఖనం ఇష్టం. తండ్రి పట్టుబట్టి లండన్‌లో వైద్యం చదివించారు. చదువు అంతంతమాత్రంగానే సాగింది. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. బెంగళూరులో ఉన్నప్పుడు తన బంగళా దగ్గరి తొట్టిలో దోమ పిల్లలు కనిపించాయి. నీళ్లు పారబోస్తే దోమలు తగ్గాయి. అయితే దోమకూ జ్వరానికీ సంబంధం ఉందన్న ఆలోచన అప్పటికి ఆయనకు లేదు.

1888లో సెలవుపై ఇంగ్లండు వెళ్లి, ప్రజారోగ్యంలో డిప్లొమా చదివారు. ఉద్యోగంలో ఉన్న డాక్టరు మళ్లీ పుస్తకం పట్టడం చిన్న విషయం కాదు. అంతకంటే పెద్ద పాఠం ముందుంది. మలేరియా క్రిమిని లావెరాన్ 1880లోనే కనుగొన్నా, రాస్ నమ్మలేదు. ఆ జ్వరం పేగుల్లోంచి వస్తుందని వ్యాసాలు కూడా రాశారు. 1894లో పాట్రిక్ మాన్సన్ ఆయనను కూర్చోబెట్టి సూక్ష్మదర్శినిలో క్రిమిని చూపించారు. ముప్పై ఏడేళ్ల వయసులో, అచ్చయిన తన మాట తప్పని ఒప్పుకొని ఆయన శిష్యుడయ్యారు. నాకైతే నోబెల్ బహుమతి కంటే ఇదే గొప్పగా తోస్తుంది.

1895లో సికింద్రాబాద్ వచ్చారు. రెండేళ్లు వేరే జాతి దోమలను కోసి కోసి ఏమీ దొరకలేదు. ఎండాకాలం పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే పనిచేశారు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి, అద్దం పగిలింది. 1897 ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని, కుట్టిన ప్రతి దోమకూ ఒక అణా చొప్పున ఇచ్చి, రెక్కలపై మచ్చలున్న దోమలతో కుట్టించారు. ఆగస్టు 20న అలాంటి దోమ కడుపు గోడలో నల్లని రంగు కణాలు కనిపించాయి. దేవునికి కృతజ్ఞతగా రాస్ పద్యం రాసుకున్నారు. చరిత్ర ఆయన పేరు చెప్పినంతగా హుసేన్ ఖాన్ పేరు చెప్పదు. పేదవాడి రక్తం లేకుండా ఆ విద్య మనకు అందేది కాదు.

మరుసటి నెలలోనే బదిలీ. మిగిలిన పని 1898లో కలకత్తాలో పక్షుల మీద పూర్తిచేశారు. 1899లో లివర్‌పూల్‌లో బోధకుడయ్యారు. 1902లో నోబెల్ వచ్చింది. తర్వాత ఆయన శ్రమంతా బోధనకూ, దోమలు పుట్టే నీటిని తొలగించడానికీ వెళ్లింది. ఆయన పరిశుద్ధుడేమీ కాదు. ఘనత ఎవరిదని ఇటలీ శాస్త్రవేత్త గ్రాస్సీతో ఏళ్ల తరబడి కలహించారు. 1932లో లండన్‌లో కన్నుమూశారు.

నల్లకుంట కోరంటి ఆసుపత్రికీ ఆయన పేరే ఉంది. ఈ ఆగస్టు 20న సండే స్కూల్ పిల్లలను బేగంపేట భవనం దగ్గరికి తీసుకెళ్లాలనుకునే సంఘాలు, బయలుదేరే ముందు మందిరం వెనుక సంపు మూత ఒకసారి ఎత్తి చూడగలరు.