రాజమహేంద్రవరంలో కాపలా కాసిన విద్యార్థులు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నుంచి వచ్చే విద్యార్థులకు పదిహేనేళ్లుగా పాఠం చెబుతున్నాను. తరగతిలో కులాంతర వివాహం ప్రస్తావన వస్తే చాలు, గది మూగబోతుంది. ఆ మధ్య ఒక విద్యార్థిని చదువు మానేసింది. వేరే కులం అబ్బాయిని ఇష్టపడినందుకు ఇంట్లో ప్రాణభయం ఉందని ఆమె పక్కన కూర్చునే నలుగురికీ ముందే తెలుసు. ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగితే, మనకెందుకులే అనుకున్నామన్నారు. వాళ్లను నిందించే అర్హత నాకూ లేదు. మూడు వారాలు ఆమె కనిపించకపోతే హాజరుపట్టీలో గైర్హాజరు వేసి ఊరుకున్నది నేనే.

అప్పటి నుంచి కందుకూరి వీరేశలింగం జీవితాన్ని మరో కోణంలో చదువుతున్నాను. ఆయనను మనం గద్యానికీ, నవలకూ ఆద్యుడిగా పాఠ్యపుస్తకంలో బంధించాం. 1848లో రాజమహేంద్రవరంలో పుట్టి, నాలుగేళ్లకే తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడు. 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి అధికారుల లంచగొండితనాన్ని పేర్లతో సహా బయటపెట్టిన ఉపాధ్యాయుడు. ఇవన్నీ తెలిసినవే. నాకు ముఖ్యమైంది 1881 డిసెంబరు 11.

వితంతు పునర్వివాహాన్ని చట్టం 1856లోనే అనుమతించింది. పాతికేళ్లు గడిచినా గోదావరి తీరాన ఒక్క పెళ్లీ జరగలేదు. చట్టం కాగితం మీద ఉంది, వీథి మాత్రం కుల పెద్దలది. 1879లో వీరేశలింగం బహిరంగంగా ఉపన్యసించగానే దూషణలూ, దాడి భయమూ మొదలయ్యాయి. గోగులపాటి శ్రీరాములుకు వధువుగా కృష్ణా జిల్లా నుంచి గౌరమ్మ అనే బాలవితంతువును రహస్యంగా తీసుకురావలసి వచ్చింది. పెళ్లి నాడు ఊరంతా ఉద్రిక్తత. పోలీసుల బందోబస్తు ఉన్నా ఇంటి చుట్టూ, వీథి పొడుగునా నిలబడింది ఆయన శిష్యులే. తమను కులం నుంచి వెలివేస్తారనీ, ఇంట్లో తండ్రులు గుమ్మం తొక్కనివ్వరనీ తెలిసిన కుర్రవాళ్లు. ఆ పిల్ల వాళ్లలో ఎవరికీ చెల్లెలు కాదు.

తర్వాతి కథ అంత ఉజ్జ్వలంగా లేదు, దాన్ని దాచడం కూడా సరికాదు. వెలి ప్రకటన రాగానే అండగా నిలుస్తామన్న పెద్దమనుషులు పలువురు ప్రాయశ్చిత్తం చేసుకుని తప్పుకున్నారు. వంటవాళ్లు రాలేదు, నీళ్లు తెచ్చేవాళ్లు లేరు. రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి బిందెలు మోసి, వచ్చిన వాళ్లందరికీ తానే వండిపెట్టింది. ఉపన్యాసాల చరిత్రలో ఈ బిందెల బరువు ఎవరూ తూచలేదు. ఆర్థికంగా ఆదుకున్నవారిలో ముఖ్యుడు కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య. ఆయన బ్రాహ్మణుడు కాడు. సొంత కులం నీళ్లు ఆపిన చోట మరో కులం చెయ్యి అందించింది.

వీరేశలింగానికి పరిమితులు లేవని నేననను. ఆ తొలి పెళ్లిళ్లు కులం గీత దాటలేదు. మాల మాదిగ వాడల భద్రత ఆయన ఉద్యమానికి కేంద్రం కాలేదు. ఆయన ఇంటికి కొన్నాళ్లు ఎదురైన వెలి, ఆ వాడలకు తరతరాల అనుభవం. 1985 జూలైలో కారంచేడులో మంచినీళ్ల చెరువును మురికి చేయవద్దని నోరు విప్పింది పెద్ద చదువులు చదివినవారు కాదు, బిందె పట్టుకుని వచ్చిన మున్నంగి సువార్త. ఆ మాటకు ప్రతీకారంగా మరునాడు సాగిన దాడిలో ఆరుగురు దళితులు ప్రాణాలు కోల్పోయారు. నోరు విప్పడానికి ఎవరు ఎంత మూల్యం చెల్లిస్తారన్నది కులమే నిర్ణయిస్తుంది. అందుకే తక్కువ మూల్యంతో మాట్లాడగలిగినవారు ముందు మాట్లాడాలని నా వాదన. పులివెందులలో బలమైన కులంలో పుట్టిన కుర్రవాడు తన బంధువుల బెదిరింపును బయటపెట్టడం, వాడలోని కుర్రవాడు పెట్టడం ఒకటి కావు.

చట్టం ఇప్పుడూ ఉంది. 2018 మార్చిలో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి జంటల కోసం ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం, 24 గంటల హెల్ప్‌లైన్ ఉండాలని ఆదేశించింది. అదే ఏడాది సెప్టెంబరులో మిర్యాలగూడలో ప్రణయ్‌ను పట్టపగలు చంపారు. ఎంత మంచి విభాగమైనా ఎవరో ఒకరు సమాచారం ఇస్తేనే కదులుతుంది. ఇంట్లో బందీ అయిన పిల్ల చేతిలో ఫోన్ ఉండదు. పక్క బెంచీ చేతిలో ఉంటుంది.

వీరేశలింగం 1919 మే 27న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి రాజ్యలక్ష్మమ్మ పోయి తొమ్మిదేళ్లు. ఆస్తినంతా 1906లో నెలకొల్పిన హితకారిణి సమాజానికే రాసిచ్చేశారు.

ఈ ఏడాది ఆ డిసెంబరు పెళ్లి గురించి పాఠం చెప్పిన రోజు, జమ్మలమడుగు నుంచి వచ్చే ఇద్దరు విద్యార్థులు గంట కొట్టాక కూడా కదల్లేదు. తలుపు దగ్గరకు వేసి, ఒక స్నేహితుడి పేరు చెప్పారు. సాయంత్రం ముగ్గురం కలిసి ఎస్పీ కార్యాలయానికి వెళ్లాం.