64,000 మంది కంప్యూటర్లు

కంప్యూటర్ల చరిత్ర అనగానే మనకి ట్యూరింగ్, వాన్ న్యూమన్ పేర్లు వినిపిస్తాయి. ఈ సంచికకి నేను రాయాలనుకున్నది వాళ్ళకంటే ముందు మనిషి గురించి. ఆ యంత్రం పుట్టకముందే వాతావరణానికి ప్రోగ్రామ్ లాంటిదొకటి రాసి, కాగితం మీద తన చేత్తోనే రన్ చేసి, ఘోరమైన తప్పు ఆన్సర్ తెచ్చుకున్నారు ఆయన. పేరు లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్.

1881 అక్టోబర్ 11న ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో ఆఖరివారు. నాన్నగారిది తోళ్ళు శుద్ధి చేసే వ్యాపారం. వాళ్ళది క్వేకర్ల కుటుంబం. క్వేకర్లంటే క్రైస్తవంలో ఒక శాఖ, ఏ కారణానికైనా సరే ఆయుధం పట్టకూడదనే వాళ్ళు. ఈ పాయింట్ కాస్త గుర్తుపెట్టుకోండి.

1903లో కేంబ్రిడ్జ్‌లో డిగ్రీ అయ్యాక చాలా ఉద్యోగాలు మారారు. వాటిలో ఒకటి పీట్ కంపెనీలో. పీట్ అంటే చిత్తడి నేలల్లో మొక్కలు కుళ్ళి పేరుకున్న మట్టి, ఎండబెట్టి పొయ్యిలో వాడతారు. ఆ నేలలోంచి నీళ్ళు బయటికి పోవాలంటే కాలవలు ఎక్కడ తవ్వాలి? ఈక్వేషన్ ఉంది, కానీ దాన్ని కచ్చితంగా సాల్వ్ చేసే దారి లేదు. అందుకని నేలని చిన్న చిన్న గళ్ళుగా కోసి, ప్రతి గడిలో కూడికలు, తీసివేతలు, గుణకారాలతో సరిపెట్టారు. మనం న్యూమరికల్ మెథడ్స్‌లో ఫైనైట్ డిఫరెన్స్ అని బట్టీ పడతామే, అదే. 1910లో ఇదే పద్ధతిని ఈజిప్టులోని అస్వాన్ డ్యామ్ మీద పడే ఒత్తిళ్ళకి వాడి పేపర్ వేశారు. లెక్కలు చేయడానికి కుర్రాళ్ళని పెట్టుకుని, సంఖ్యలో ఎన్ని అంకెలుంటే దాన్నిబట్టి కూలి ఇచ్చారు. తప్పు చేసిన లెక్కకి డబ్బుల్లేవు!

1913లో స్కాట్లాండ్‌లోని ఎస్క్‌డేల్‌మ్యూర్ అబ్జర్వేటరీకి అధికారిగా వెళ్ళారు. అప్పట్లో వాతావరణ సూచన అంటే, ఈరోజు మ్యాప్‌కి పోలిన పాత మ్యాప్ వెతికి, ఆనాడు ఏం జరిగిందో చూసి రేపటికి చెప్పడం. గాలి కూడా భౌతికశాస్త్ర నియమాల ప్రకారమే కదులుతుంది కాబట్టి దాన్ని లెక్కకట్టొచ్చని నార్వే శాస్త్రవేత్త బ్యర్క్‌నెస్ 1904లోనే అన్నారు. రిచర్డ్‌సన్ ఆ పని నిజంగా చేయడానికి కూర్చున్నారు. భూమి మీద చదరంగం బల్లలా సుమారు 200 కిలోమీటర్ల గళ్ళు, పైకి 5 పొరలు, 3 గంటల టైమ్ స్టెప్. ఏ లెక్క తర్వాత ఏ లెక్క చేయాలో చెప్పే 23 ఫారాలు. నన్నడిగితే అది సోర్స్ కోడే.

ఈలోగా మొదటి ప్రపంచయుద్ధం. 1916లో ఉద్యోగం వదిలేసి, క్వేకర్ల అంబులెన్స్ దళంలో చేరి, ఫ్రాన్స్‌లో గాయపడ్డ సైనికుల్ని మోసే బండి నడిపారు. తీరిక దొరికినప్పుడు చలిగదిలో గడ్డి కుప్ప మీద కూర్చుని లెక్కలు. 1917లో షాంపేన్ యుద్ధం గందరగోళంలో రాతప్రతి పోయింది. కొన్ని నెలలకి బెల్జియంలో బొగ్గు కుప్ప కింద దొరికింది. బ్యాకప్ లేదు మరి.

ఆయన తీసుకున్న రోజు 1910 మే 20. ఆరోజు యూరప్ అంతటా బెలూన్లు ఎగరేసి తీసిన రీడింగులు ఉన్నాయి. జర్మనీలో మ్యూనిక్ దగ్గర ఒక చోట ఆరు గంటల్లో గాలి పీడనం ఎంత మారుతుందో కట్టారు. 145 మిల్లీబార్లు పెరుగుతుందని వచ్చింది. నిజానికి ఆరోజు అక్కడ పీడనం దాదాపు కదల్లేదు. 145 అంటే ఎంతో తెలియాలంటే, రికార్డుల్లో అత్యల్ప పీడనమున్న తుపాను, 1979 నాటి టిప్, కేంద్రంలో 870 మిల్లీబార్లు. మామూలు పీడనం 1013. తేడా 143.

తర్వాతి తరాలు కనిపెట్టిన బగ్ ఏంటంటే, పద్ధతి కరెక్టే, ఇన్‌పుట్ సరిచేయలేదు. రీడింగుల్లో గాలికీ పీడనానికీ మధ్య చిన్న పొరపాట్లున్నా, లెక్కలో వేగంగా కదిలే అలలు పుడతాయి. ఆర్కే బీచ్‌లో పోటు ఎంత వస్తుందో కొలవడానికి వెళ్ళి, లేస్తున్న ఒక్క అలని చూసి, అదే వేగంతో ఆరు గంటలు నీళ్ళు పెరుగుతాయని అనుకున్నట్టు. ఐర్లాండ్‌కి చెందిన పీటర్ లించ్ ఆ అలల్ని ముందే వడకట్టి అదే డేటాతో మళ్ళీ రన్ చేస్తే, మార్పు ఒక్క మిల్లీబార్ లోపే వచ్చింది.

లించ్ ఇదంతా ఎలా చేయగలిగారు? రిచర్డ్‌సన్ దాచలేదు కాబట్టి. 1922లో వేసిన పుస్తకంలో ఆ తప్పు ఆన్సర్‌ని ఫారాలతో, అంకెలతో సహా పూర్తిగా అచ్చువేశారు. గాలి రీడింగుల మీద అనుమానం కూడా రాశారు. ఔట్‌పుట్ ముందే తెలిస్తే రీడింగుల్ని దానికి తగ్గట్టు సర్దే కళ ఏ కాలేజీ ల్యాబ్‌లోనూ కొత్తది కాదు కదా, అందుకే నాకిది పెద్ద విషయంలా అనిపించింది. అదే పుస్తకంలో ఒక ఊహ కూడా ఉంది. థియేటర్ లాంటి గుండ్రటి హాలు, గోడల నిండా ప్రపంచపటం, అందులో 64,000 మంది కంప్యూటర్లు. అప్పుడు కంప్యూటర్ అంటే లెక్కలు చేసే మనిషే. మధ్యలో ఎత్తు మీద ఒకాయన, ముందుకెళ్ళిపోతున్న వాళ్ళ మీద గులాబీ లైటు, వెనకబడ్డ వాళ్ళ మీద నీలం లైటు వేస్తూ అందర్నీ ఒకే వేగంలో నడిపిస్తుంటాడు. పారలల్ ప్రాసెసింగ్, సింక్రనైజేషన్, రెండూ ఉన్నాయి.

ఇక్కడే నాకు తెగని విషయం. 1920లో వాతావరణ శాఖని విమాన సైనిక మంత్రిత్వశాఖ కిందికి మార్చారు. సైన్యం కింద పనిచేయనని రిచర్డ్‌సన్ మళ్ళీ రాజీనామా. తర్వాత టీచర్‌గా ఉంటూనే గాలి సుడుల మీద గొప్ప పని చేశారు, రిచర్డ్‌సన్ నంబర్ అలా వచ్చిందే. కానీ విషవాయువు గాలిలో ఎలా వ్యాపిస్తుందో చూసేవాళ్ళకి తన పరిశోధన పనికొస్తోందని తెలిసి, అచ్చుకాని కాగితాల్ని నాశనం చేశారని భార్య డొరోతి తర్వాత గుర్తుచేసుకున్నారు. తప్పు లెక్కని లోకానికి చూపించిన మనిషి, సరైన లెక్కల్ని చించేశారు. సైన్స్ అందరిదీ, ఎవరెలా వాడుకుంటారో మనకనవసరం అంటారు కొందరు మా హాస్టల్లో. నేను అంత తేలిగ్గా అనలేను. అలాగని ఆ కాగితాలు పోయాయంటే బాధగానే ఉంది.

ఆ తర్వాత సైకాలజీ చదివారు. యుద్ధాలు ఎందుకొస్తాయో గణితంతో వెతకడానికి 1940లో ముందే రిటైరయ్యారు. ఆ పనిలోనే స్పెయిన్, పోర్చుగల్ ఉమ్మడి సరిహద్దు పొడవు ఒక చోట 987 కిలోమీటర్లు, ఇంకో చోట 1,214 అని ఉండటం గమనించారు. స్కేలు చిన్నదయ్యేకొద్దీ పొడవు పెరుగుతుందన్న ఆ విషయమే మాండెల్‌బ్రాట్ ఫ్రాక్టల్స్‌కి దారి.

ఈరోజు తుపాను ఏ ఊరి దగ్గర తీరం దాటుతుందో మన ఫోన్లో కనిపిస్తుందంటే వెనకాల ఉన్నది ఆ గళ్ళే. పుణెలోని ఐఐటీఎం తయారుచేసిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 2025లో 6 కిలోమీటర్ల గడికి దిగింది.

1950లో అమెరికాలో ఛార్నీ, వాన్ న్యూమన్ బృందం ఎనియాక్ మీద మొదటిసారి వాతావరణాన్ని లెక్కకట్టింది. 24 గంటల సూచనకి సుమారు 24 గంటలు పట్టింది. ఛార్నీ ఆ ఫలితాల్ని రిచర్డ్‌సన్‌కి పంపారు. ఆయన అభినందిస్తూ జవాబు రాశారు. అంతకుముందు మ్యాపులు డొరోతి చేతికిచ్చి, లెక్కకట్టిన మ్యాప్ అసలుదానికి ఎంత దగ్గరగా ఉందో కంటితో చూసి చెప్పమన్నారట. 1953 సెప్టెంబర్ 30న స్కాట్లాండ్‌లోని కిల్మన్‌లో నిద్రలోనే పోయారు. మరుసటి ఏడాది స్వీడన్‌లో కంప్యూటర్ సూచనలు రోజువారీ పనిగా మొదలయ్యాయి.