మంగళగిరి గాలిగోపుర నిర్మాత

మంగళగిరి పట్టణాన్ని సమీపించే యాత్రికునికి దూరం నుండే దర్శనమిచ్చేది కొండ దిగువన నిలిచిన గాలిగోపురం. లక్ష్మీనరసింహస్వామి ఆలయానికి ముఖద్వారమైన ఈ గోపురానికి పదకొండు అంతస్తులు. ఎత్తు 153 అడుగులు. వెడల్పు 49 అడుగులు మాత్రమే. దీనిని 1807–1809 సంవత్సరాల నడుమ నిర్మింపజేసినవాడు అమరావతి సంస్థానాధీశుడు రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు.

వాసిరెడ్డి ప్రభువుల పూర్వ రాజధాని కృష్ణాతీరంలోని చింతపల్లి. వెంకటాద్రినాయుడు 1783లో అధికారానికి వచ్చాడు. 1788లో గుంటూరు సీమ నిజాము నుండి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించింది. స్వంత సేనలతో ఏలిన ప్రభువు, కంపెనీకి పేష్కషు చెల్లించే జమీందారుగా మారవలసివచ్చింది. ఆ తరువాత ఆయన చింతపల్లిని విడిచి, అమరేశ్వరుని సన్నిధిలో అమరావతీ నగరాన్ని నిర్మించుకొన్నాడు.

నగర నిర్మాణానికి రాళ్లు కావలసివచ్చాయి. సమీపంలోని దీపాలదిన్నెను తవ్వగా చలువరాతి ఫలకాలు బయల్పడ్డాయి. అది ప్రాచీన బౌద్ధ మహాస్తూపమని నాడు అక్కడివారెవరికీ తెలియదు. 1797లో కంపెనీ సైనికాధికారి కాలిన్ మెకంజీ ఆ దిబ్బను చూశాడు. ఆయన 1816లో తిరిగి వచ్చి శిల్పాలకు చిత్రాలు గీయించేనాటికి చాలా భాగం ధ్వంసమై ఉంది. ఆలయాలకు అంతగా దానమిచ్చిన ప్రభువు చేతుల మీదుగానే ఈ నష్టం జరగడం విచారకరం.

ఆయన జీవితంలో అంతకన్న చీకటి ఘట్టం మరొకటి ఉన్నదని జనశ్రుతి. దోపిడులు చేస్తున్నారన్న కోపంతో చెంచులను విందుకు పిలిపించి, వందలమందిని నరికించాడట. ఆ చోటే నరుకుళ్లపాడుగా ప్రసిద్ధి కెక్కిందంటారు. ఆనాటి నుండి ఆయన ముందు పెట్టిన అన్నం పురుగులుగా కనిపించేదనీ, పాపభీతితోనే అమరావతికి చేరి దేవాలయ నిర్మాణాలకు పూనుకొన్నాడనీ చెప్పుకొంటారు. అమరేశ్వరాలయాన్ని ఉద్ధరించడం, చేబ్రోలులో చతుర్ముఖ బ్రహ్మకు ఆలయం కట్టించడం మాత్రం కథలు కావు, కంటికి కనిపించే సత్యాలు. మంగళగిరి గోపురం వాటన్నిటికీ తలమానికం.

సాధారణంగా గాలిగోపురాలకు అడుగుభాగం రాతికట్టడం. పై అంతస్తులు ఇటుకతో, సున్నంతో లేస్తాయి. అంతస్తుకొక ద్వారం ఉండడం వల్ల గాలి అడ్డులేకుండా సాగిపోతుంది. వెడల్పుకు మూడింతలకు పైగా ఎత్తు లేపడం సాహసమే. నిర్మాణం ముగిసేసరికి గోపురం ఒక ప్రక్కకు ఒరిగిందనీ, కంచి శిల్పుల సలహాపై ఎదురుగా కోనేరు తవ్వించగా నిటారుగా నిలిచిందనీ స్థానికుల నమ్మకం. కథ ఎలా ఉన్నా, రెండు శతాబ్దాలు దాటినా గోపురం కూలలేదు.

జమీందారీకి అంత ఆయుర్దాయం లేకపోయింది. పుత్రసంతానం లేని వెంకటాద్రినాయుడు 1798లో జగన్నాథబాబును దత్తత చేసుకొన్నాడు. గోపుర నిర్మాణం మొదలైన 1807లోనే రామనాథబాబును కూడ దత్తు తీసుకొన్నాడు. ఆయన 1816లో మరణించగానే వారసత్వ వివాదం రేగింది. న్యాయస్థానాల ఖర్చులు, 1832–33 నాటి నందన కరువు, శిస్తు బకాయిలు సంస్థానాన్ని కుంగదీశాయి. వ్యాజ్యం లండనులోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. మొదటి దత్తపుత్రుడు జీవించి ఉండగా రెండవ దత్తత చెల్లదని 1846లో తీర్పు వెలువడింది. అంతకాలం పోరాడుకొన్న జమీందారీ చివరకు కంపెనీ ప్రభుత్వం వశమైపోయింది.