సాయంకాల ప్రార్థనకు తెలుగు బాణీ: బిషప్ అజరయ్య గారు

మా పామర్రు ప్రాంతపు పెద్దలు గౌరవంతో తలచుకునే మహనీయుల్లో బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారిని నేను ముందుగా చెబుతాను. 1874లో తమిళనాట వెల్లాలన్‌విలైలో జన్మించారు. 1909లో దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. తరువాత మన కృష్ణా జిల్లా సంఘాలు కూడా ఆయన పాలనలోకి వచ్చాయి.

ఇంగ్లాండు దేవాలయాల్లో సాయంకాల ఆరాధనను శిక్షణ పొందిన గాయకబృందం నాలుగు స్వరాల్లో నడిపిస్తుంది. మన పల్లెల్లో ఆనాడు చదువు వచ్చినవారే తక్కువ. పుస్తకం చేతికిస్తే చదవలేరు, దొరల బాణీ నోరు తిరగదు. అటువంటివారు ఆరాధనలో మూగగా కూర్చోవలసిందేనా? అజరయ్య గారు మన రాగతాళాల కీర్తనలను ప్రోత్సహించారు. ఒకరు అందిస్తే ఊరంతా అందుకునేది. అలా కూలి పనిచేసి వచ్చినవారికీ ప్రార్థనలు, విశ్వాస ప్రమాణం కంఠస్థమయ్యాయి.

దేశీయ శైలిలో ఆయన కట్టించిన దోర్నకల్ దేవాలయం 1939లో ప్రతిష్ఠ జరుపుకొంది. 1945 జనవరి 1న ఆయన పరమపదించారు. తాను పాటుపడిన దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడటం చూడలేకపోయారు.

విశ్రాంత మిత్రులారా, మనకు నోటికి వచ్చిన కీర్తనల్లో ఒక్కటైనా మనవలకు నేర్పుదామని నా మనవి.