దివాన్ పదవి పోయినా.. గాజు మీద మనసు పోలేదు! ఇదీ సాలార్‌జంగ్ కథ

నిజాం ఏలుబడిలో 1912లో దివాన్ అయిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసఫ్ అలీ ఖాన్ 1914లోనే తప్పుకున్నారు. ఇక జాగీర్ల ఆదాయమంతా సేకరణకే! ఇంగ్లండ్, వెనిస్, బొహీమియా, ఫ్రాన్స్ గాజు సామాను ఆయన ఇంటికి చేరింది.

19వ శతాబ్దంలో బకారా లాంటి ఫ్రెంచ్ కార్ఖానాలకు పేరు తెచ్చింది కట్ గ్లాస్. సీసం కలిపిన మందపాటి గాజును తిరిగే చక్రంపై అరగదీసి గాట్లు పెడతారు. దీపం వెలుగు పడితే గ్లాసు ధగధగలాడుతుంది. చేయి జారిందా.. అంతే సంగతులు!

సాలార్‌జంగ్‌కు పెళ్లి కాలేదు, వారసుల్లేరు. 1949లో కన్నుమూశాక ఈ సంపదంతా చెల్లాచెదురయ్యేదే. అలా కాకుండా ఆయన నివాసం దివాన్ దేవిడీలోనే మ్యూజియం పెట్టారు. 1951 డిసెంబర్ 16న నెహ్రూ ప్రారంభించారు. 1968లో మూసీ ఒడ్డునున్న కొత్త భవనానికి మార్చారు. ఖమ్మం, భద్రాచలం నుంచి హైదరాబాద్ వెళ్లేవాళ్లు ఆ గాజు సామాను అక్కడే చూడొచ్చు.