కుర్చీలో కూర్చునే ఇంగ్లీషు నేర్పిన లిండ్లీ మర్రే

ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకం తెరిస్తే ముందు నియమం ఉంటుంది. దాని కింద ఉదాహరణలు ఉంటాయి. ఆ తర్వాత తప్పులున్న వాక్యాలు ఇచ్చి దిద్దమంటారు. ఈ పద్ధతి మనకు ఎంత అలవాటైపోయిందంటే, దీన్ని ఎవరో ఒకరు కూర్చుని తయారుచేశారన్న ఆలోచన కూడా మనకు రాదు. ఈ పద్ధతిని దేశదేశాల బడిపిల్లలకు చేర్చినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు లిండ్లీ మర్రే. ఇంగ్లీషు వ్యాకరణ పితామహుడని ఆయనను పిలిచేవారు. విచిత్రమేమిటంటే ఆయన ఉపాధ్యాయుడు కారు, భాషా పండితుడూ కారు. లాయరు, ఆ తర్వాత వ్యాపారి. వ్యాకరణం రాసేనాటికి సరిగ్గా నడవలేని రోగి.

లిండ్లీ మర్రే 1745లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టారు. అప్పటికి అమెరికా ఇంకా స్వతంత్ర దేశం కాదు, బ్రిటిష్ వారి వలస రాజ్యం. తండ్రి రాబర్ట్ మర్రే వ్యాపారి. వాళ్ళది క్వేకర్ల కుటుంబం. యుద్ధాలకు దూరంగా, ఆడంబరం లేకుండా బతకాలని నమ్మే క్రైస్తవ శాఖ అది. ఇంట్లో పిల్లలందరిలో లిండ్లీయే పెద్దవాడు.

మనలో చాలామందికి అమ్మకో నాన్నకో ట్రాన్స్‌ఫర్ ఆర్డరు రాగానే టీసీ తీసుకుని కొత్త ఊరికి బయలుదేరడం అలవాటే. లిండ్లీ బాల్యం కూడా ఇంచుమించు అలాగే గడిచింది. తండ్రి వ్యాపారం ఎటు వెళితే కుటుంబం అటు కదిలేది. కొంతకాలం ఫిలడెల్ఫియాలో చదువు, కొంతకాలం ఉత్తర కరొలినాలో కాపురం. 1753లో న్యూయార్క్ చేరుకున్నారు. అక్కడ తండ్రి వ్యాపారం బాగా పెరిగింది. న్యూయార్క్ నగరంలో ఈనాటికీ మర్రే హిల్ అనే పేట ఉంది. అది ఈ కుటుంబం పేరే.

తన తర్వాత వ్యాపారం పెద్దకొడుకే చూసుకోవాలని తండ్రి ఆశ. కుర్రవాడికేమో లెక్కల పుస్తకాలంటే విసుగు, చదువంటే ఇష్టం. తండ్రి క్రమశిక్షణ కూడా కఠినంగా ఉండేది. ఒకసారి తనను అన్యాయంగా శిక్షించారని అనిపించి, లిండ్లీ ఎవరికీ చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. న్యూజెర్సీలోని బర్లింగ్టన్ అనే ఊళ్ళో ఒక బోర్డింగ్ స్కూల్లో చేరాడు. పారిపోయిన పిల్లవాడు వేరే బడికి వెళ్ళి చేరడం వింతే కదా! అక్కడ ఫ్రెంచి భాష నేర్చుకోవడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకు బంధువుల ద్వారా ఆచూకీ తెలిసి, పెద్దలు నచ్చజెప్పడంతో ఇంటికి తిరిగి వచ్చాడు. తండ్రి కూడా మెత్తబడ్డారు. ఇంటి దగ్గరే చదువు చెప్పించి, తర్వాత న్యాయశాస్త్రం చదవడానికి ఒప్పుకున్నారు.

లిండ్లీ బెంజమిన్ కిస్సామ్ అనే లాయరు దగ్గర చేరారు. అక్కడ ఆయనతోపాటు చదువుకున్న మరో యువకుడి పేరు జాన్ జే. ఆ జాన్ జే తర్వాతి కాలంలో అమెరికా సుప్రీంకోర్టుకు మొట్టమొదటి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. లిండ్లీ కూడా మంచి లాయరుగా పేరు తెచ్చుకున్నారు. 1767లో హానా డాబ్సన్‌ను వివాహం చేసుకున్నారు. ఆ తర్వాత అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చింది. ఆ రోజుల్లో లాయరు వృత్తి వదిలి కొన్నేళ్ళు లాంగ్ ఐలాండ్‌లోని ఒక పల్లెలో గడిపారు. మళ్ళీ న్యూయార్క్ వచ్చి, చిన్నప్పుడు వద్దనుకున్న వ్యాపారమే చేసి బాగా సంపాదించారు. నలభై ఏళ్ళు నిండకముందే పని మానేసి, నది ఒడ్డున ఒక ఇల్లు కొనుక్కున్నారు. ఇక హాయిగా చదువుకుంటూ బతకవచ్చని అనుకున్నారు.

సరిగ్గా అప్పుడే ఆరోగ్యం దెబ్బతింది. కండరాల్లో బలం తగ్గిపోయింది. కొద్ది దూరం నడిచినా శరీరం సహకరించేది కాదు. చల్లని వాతావరణం మేలు చేస్తుందని వైద్యులు సలహా ఇవ్వడంతో, 1784 చివరలో భార్యాభర్తలు ఇంగ్లండుకు ఓడ ఎక్కారు. యార్క్ నగరానికి దగ్గరలోని హోల్‌గేట్‌లో ఇల్లు తీసుకున్నారు. ఆరోగ్యం కుదుటపడగానే తిరిగి వెళ్ళాలన్నది వాళ్ళ ఆలోచన. ఆ రోజు రానే లేదు. మొదట్లో తోటలో నాలుగడుగులు వేసేవారు, తర్వాత అదీ కష్టమైంది. ఇక కుర్చీయే ఆయన లోకం. చివరి పదహారేళ్ళూ ఆయన ఇంటి గడప దాటలేదు.

అలాంటి మనిషి దగ్గరకు యార్క్‌లోని క్వేకర్ల ఆడపిల్లల బడి నుంచి ఉపాధ్యాయినులు వచ్చేవారు. వాళ్ళకు ఆయన ఇంగ్లీషు వ్యాకరణం చెప్పేవారు. అప్పటికి ఉన్న వ్యాకరణ పుస్తకాలు పిల్లలకు కొరుకుడు పడేవి కావు. మా పిల్లలకు అర్థమయ్యేలా ఒక పుస్తకం మీరే రాసిపెట్టండని వాళ్ళు కోరారు. ఆయన మొదట వెనకాడారు, తర్వాత ఒప్పుకున్నారు. అలా 1795లో ఆయన ఇంగ్లీషు వ్యాకరణం యార్క్‌లో అచ్చయింది. ఇందులో ఉన్నదంతా నా సొంతమని ఆయన ఎక్కడా చెప్పుకోలేదు. రాబర్ట్ లౌత్ వంటి పూర్వుల పుస్తకాల నుంచి విషయం తీసుకుని, పిల్లలకు తగినట్టు అమర్చానని ముందుమాటలోనే ఒప్పుకున్నారు.

ఆయన ఎంత ఓపికగా చెప్పేవారో తెలియాలంటే ఒక్క పాఠం చూద్దాం. అది ఇన్ఫినిటివ్. 'గో' అనే క్రియకు ముందు 'టు' చేరిస్తే 'టు గో' అవుతుంది. ఎవరు వెళ్ళారో, ఎప్పుడు వెళ్ళారో అది చెప్పదు. పని పేరు మాత్రమే చెబుతుంది. సంస్కృతం క్లాసులో తుమున్ ప్రత్యయం చదివినవారికి ఇది కొత్త కాదు. 'పఠితుమ్' అన్నా, హిందీలో 'పఢ్‌నా' అన్నా, తెలుగులో 'చదవడానికి' అన్నా అదే కోవ.

మర్రే పట్టికల్లో ఇన్ఫినిటివ్‌కు రెండు కాలాలు కనిపిస్తాయి. 'టు రైట్' అంటే రాయడం, 'టు హావ్ రిటన్' అంటే అప్పటికే రాసేసి ఉండటం. కర్మణి ప్రయోగంలో ఇవే 'టు బీ రిటన్', 'టు హావ్ బీన్ రిటన్' అవుతాయి. పని జరుగుతూ ఉందని చెప్పాలంటే 'టు బీ రైటింగ్' అంటాం. వీటిలో ఏది ఎక్కడ వాడాలన్నదే చిక్కు.

గుడ్‌బై చెప్పకుండానే పాత స్కూలు వదిలి వచ్చేశామనుకోండి. ఆ సంగతి మిత్రుడికి ఇంగ్లీషులో ఎలా రాయాలి? 'ఐ వాంటెడ్ టు సే గుడ్‌బై' అనాలా, 'ఐ వాంటెడ్ టు హావ్ సెడ్ గుడ్‌బై' అనాలా? మర్రే రోజుల్లో చదువుకున్నవాళ్ళు కూడా రెండో రకంగా రాసేవారు. అది తప్పని ఆయన గట్టిగా చెప్పారు. కారణం చాలా సులభం. మనం అనుకున్న క్షణంలో ఆ పని ఇంకా జరగలేదు, జరగాల్సి ఉంది. ఇప్పుడు ఎంత పాతబడినా, అనుకున్నప్పుడు అది ముందున్న పనే. అందుకే 'టు సే'. తెలుగులో మనం చెప్పాలనుకున్నాను అంటాం గాని, చెప్పేసి ఉండాలనుకున్నాను అనం కదా! అదే 'ఐ యామ్ గ్లాడ్ టు హావ్ స్టడీడ్ దేర్' అన్నప్పుడు సంగతి వేరు. సంతోషం ఇప్పటిది, చదువు అంతకుముందే అయిపోయింది. కనుక అక్కడ 'టు హావ్' తప్పనిసరి.

'టు' లేకుండా వచ్చే ఇన్ఫినిటివ్‌ను కూడా ఆయన మరిచిపోలేదు. బిడ్, డేర్, నీడ్, మేక్, సీ, హియర్, ఫీల్, లెట్ వంటి క్రియల తర్వాత 'టు' రాదని జాబితా ఇచ్చారు. అందుకే 'లెట్ మీ గో' అంటాం, 'లెట్ మీ టు గో' అనం. 'దే మేడ్ హిమ్ వెయిట్' సరైనది. కాని దాన్నే కర్మణిలోకి మారిస్తే 'హి వాజ్ మేడ్ టు వెయిట్' అని 'టు' తిరిగి వస్తుంది. తెలుగులోనూ ఇలాంటి రెండు రూపాలున్నాయి. 'చదవలేను', 'చదవకూడదు', 'చదవనివ్వు' అన్నప్పుడు 'చదవ' అనే పొట్టి రూపం, 'చదవడానికి వెళ్ళాను' అన్నప్పుడు పొడవు రూపం.

1797లో మర్రే అభ్యాసాల పుస్తకం, దానికి జవాబుల పుస్తకం విడిగా వేయించారు. దగ్గర గురువు లేనివారు కూడా తమ తప్పులు తామే దిద్దుకోవాలని ఆయన కోరిక. 1799లో వచ్చిన ఇంగ్లీష్ రీడర్ అమెరికా బడుల్లో ఇంటింటి పుస్తకమైంది. అబ్రహాం లింకన్ కూడా దాన్ని చదివారు. ఆయన పుస్తకాలు లక్షల్లో అమ్ముడై, సముద్రాలు దాటి మన దేశపు ఇంగ్లీషు బడుల దాకా వచ్చాయి.

ఆయనను విమర్శించినవారూ ఉన్నారు. ఇంగ్లీషును లాటిన్ అచ్చులో బిగించారని కొందరన్నారు. ఆయన వాక్యాల్లోనే తప్పులు వెతికి, వాటి మీద 1868లో ఒక రచయిత ఏకంగా పుస్తకమే వేశారు. వ్యాకరణం రాసినవారికీ తప్పులు తప్పవని దానివల్ల తేలింది. మరోవైపు ఆయన చెప్పని నియమాలను కూడా ఆయన ఖాతాలో వేసేవారున్నారు. 'టు'కూ క్రియకూ మధ్య వేరే మాట రాకూడదన్న నియమం అలాంటిదే. అది ఆయన తర్వాత 19వ శతాబ్దంలో ప్రచారంలోకి వచ్చింది.

పుస్తకాల మీద వచ్చిన డబ్బును మర్రే తన కోసం ఉంచుకోలేదు, మంచి పనులకు ఇచ్చేశారు. మానసిక రోగులను గొలుసులతో కట్టేసే ఆ రోజుల్లో, వారిని దయతో చూసుకోవడానికి యార్క్‌లో 'రిట్రీట్' అనే ఆశ్రమం 1796లో మొదలైతే దానికి అండగా నిలిచారు. వీలునామాలో కూడా బానిసలను విడిపించడానికి, నల్లజాతి పిల్లల చదువుకు, పేదలకు సాయం చేయడానికి, పుస్తకాలు పంచడానికి సొమ్ము కేటాయించారు. ఆ నిధిని న్యూయార్క్‌లోనే ఏర్పాటు చేయమన్నారు. నలభై ఏళ్ళు దూరంగా ఉన్నా తాను పెరిగిన ఊరిని మరిచిపోలేదు.

1826లో, ఎనభై ఏళ్ళ వయసులో ఆయన హోల్‌గేట్‌లోనే కన్నుమూశారు. ఆయన తోటలో ఉండిన చిన్న విశ్రాంతి మందిరాన్ని తర్వాత యార్క్‌లోని మౌంట్ స్కూలు ఆవరణలోకి తరలించారు. ఆడపిల్లల బడి కోసం పుస్తకం రాసిన మనిషి గుర్తు, ఆడపిల్లల బడిగా పేరుపొందిన చోటుకే చేరింది.

ఊరు మారినా, దేశం మారినా, చివరికి కాళ్ళు కదలకపోయినా లిండ్లీ మర్రే నేర్చుకోవడం ఆపలేదు, నేర్పడమూ ఆపలేదు. మనకు స్కూళ్ళు మారతాయి, స్నేహితులు మారతారు, ఒక్కోసారి రెండో భాష కూడా మారుతుంది. నేర్చుకున్న మాట మాత్రం ఏ ఊరికైనా మనతోనే వస్తుంది. ఈసారి ఇంగ్లీషు నోటుబుక్కులో 'టు' దగ్గర కలం ఆగితే, హోల్‌గేట్‌లో కుర్చీలో కూర్చుని పిల్లల కోసం ఓపికగా రాసిన ఆ పెద్దాయనను ఒక్కసారి తలచుకోండి. ఆ పని ఎప్పటిదో ఆలోచించి, ఆ తర్వాత రాయండి.