శ్రీనివాస రామానుజన్: అల్పాయువునకు మూలమెచ్చట?

గణితశాస్త్రమున లోకమెరిగిన శ్రీనివాస రామానుజన్ 32 ఏండ్లకే కన్నుమూసెను. ఆయన మేధను గూర్చి వ్రాసినవారు పెక్కురు. ఆయన దేహము పడిన పాట్లను గూర్చి తలచువారు తక్కువ.

1887 డిసెంబరు 22న ఈరోడులో మాతామహుల ఇంట జన్మించి, కుంభకోణమున పెరిగెను. తండ్రి బట్టల కొట్టులో గుమాస్తా. జీతము నెలకు ఇంచుమించు 20 రూపాయలు. తల్లి కోమలతమ్మాళ్ గుడిలో భజనలు పాడియు, విద్యార్థులకు ఇంట భోజనము పెట్టియు మరికొంత సంపాదించెడిది. బ్రాహ్మణ కుటుంబమే గాని, కులము కడుపు నింపదు గదా! 1889లో, రెండేండ్ల ప్రాయమున, మశూచికము సోకెను. ప్రాణము దక్కెను గాని మచ్చలు మిగిలెను. ఆయన తరువాత పుట్టిన ముగ్గురు బిడ్డలు పసితనముననే పోయిరి. కాగితము కొనలేక పలకపై లెక్కలు చేసి మోచేతితో తుడిచెడివాడని మనము ముచ్చటగా చెప్పుకొందుము. దాని వెనుకనున్నది లేమియే.

1906లో మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరిన కొలదికాలమునకే గ్రహణి పట్టుకొనగా ఇంటికి మరలి మూడు మాసములు బాధపడెను. 1910లో శస్త్రచికిత్స కావలసిరాగా ఇంట డబ్బు లేదు. ఒక వైద్యుడు దయతో ఉచితముగా చేసెను. ఆ ఏడాది చివర నెల్లూరు కలెక్టరు రామచంద్రరావును ఆశ్రయింపగా, ఆయన నెలకు 25 రూపాయలిచ్చి ఆదుకొనెను. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల గుమాస్తా పని దొరకెను.

1914లో హార్డీ పిలుపుపై కేంబ్రిడ్జి చేరెను. యుద్ధకాలము, చలి, శాకాహారికి తగిన తిండి కరవు. 1917లో జ్వరము పట్టి విడువలేదు. క్షయయని తలచి వైద్యులు ఒక ఆరోగ్యశాల నుండి మరియొకదానికి పంపిరి. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించినప్పుడును రోగియే. 1919లో స్వదేశము చేరి, 1920 ఏప్రిల్ 26న మద్రాసులో మరణించెను.

1994లో యంగ్ అను పరిశోధకుడు నాటి రోగలక్షణములను పరిశీలించి, అది క్షయ కాదనియు, కాలేయమునకు సోకిన అమీబా వ్యాధి కావచ్చుననియు అభిప్రాయపడెను. మలినజలము, మలినాహారము వలన ప్రేగులలో చేరు ఆ సూక్ష్మజీవి, గ్రహణి తగ్గినట్లు తోచినను కాలేయమున నిలిచి ఏండ్ల తరువాత తిరుగబడగలదు. దానికి నాటికే మందు కలదు, తప్పినది రోగనిర్ణయమే. ఇది రుజువు కాదు, బలమైన అనుమానము. అయినను మన పెద్దలు బ్రతికిన కూలి లైన్లలో ఇదే గ్రహణి ఎందరిని బలిగొన్నదో విన్నవారికి ఇది వింతగా తోచదు.

తుది ఏడాది మంచముననే మాక్-తీటా ప్రమేయములను గూర్చి వ్రాసి హార్డీకి తెలిపెను. భార్య జానకి అమ్మాళ్ కుట్టుపనితో పొట్టపోసికొని, ఆ 1994లోనే మద్రాసున తనువు చాలించెను.